లేదనుకొన్న లేశము

ఎముక విరిగితే తప్ప మా పుత్తూరు పేరు బయటివారికి గుర్తుకు రాదు. కట్టు కట్టించుకోవడానికి తమిళదేశం నుండి, కన్నడదేశం నుండి కూడా జనం వస్తుంటారు. అందుచేత ఊరి పేరు చెప్పగానే ఎదుటివారి చూపు నా చేతుల మీదికో కాళ్ల మీదికో పోవడం నాకు అలవాటే. వేసవిలో వచ్చినవారికి మాత్రం ఊరు వేరే విధంగా పరిచయమవుతుంది. బస్సు దిగీ దిగకముందే మామిడిపండ్ల వాసన ఎదురువస్తుంది. ఆ వాసన వెనుక దాగి, ముక్కుకు అందని ఒక వాయువుతో ఈ టపా మొదలవుతుంది. హైదరాబాదు మీది ఆకాశం దాకా పోయి వస్తుంది. తెలుగు పండితుడికి రసాయనశాస్త్రంతో పనేమిటని మిత్రులు అడుగవచ్చు. ఒక విద్యార్థికి నేను చెప్పిన తప్పు సమాధానం నాచేత ఇదంతా చదివించింది. ముందు ఆ తప్పు చెప్పుకొంటాను.

మా తాతగారింట నడవ పక్కన కిటికీ లేని చిన్న గది ఒకటుండేది. మే నెల వచ్చిందంటే ఆ గది మామిడికాయలది. వరిగడ్డి పరిచి, దానిమీద కాయలు పేర్చి, మళ్లీ గడ్డి, మళ్లీ కాయలు. బేనీషా ఒక మూల, నీలం ఒక మూల, బెంగుళూర ఇంకొక మూల. మీరు తోతాపురి అంటారే, దానినే మావైపు బెంగుళూర అంటాము. అంతా పేర్చిన తరువాత మా అవ్వ చెట్టుమీదనే మాగిన పండు ఒకటి తెచ్చి మధ్యలో పెట్టి తలుపు మూసేది. నాలుగవ నాటికి తలుపు సందులలోనుండి వాసన వచ్చేది. ఆ ఒక్క పండు ఎందుకు పెట్టినావని మాలో ఎవ్వరమూ అడిగి ఎరుగము. పెద్దలు చేసేది చేస్తారు, పిల్లలు తినేది తింటారు.

నేను ఉద్యోగంలో చేరి కొన్నేళ్లయిన తరువాత, అడిగినవాడు ఒకడు దొరికాడు. తొమ్మిదవ తరగతి పిల్లవాడు, వాళ్ల నాయన మామిడితోట గుత్తకు పట్టేవాడు. నేను ఏదో పద్యం చెప్పి ఋతువర్ణనలో ఉండగా లేచి నిలబడి, "సార్, మాగిన పండు ఒకటి పెడితే కాయలన్నీ బిరీన మాగతాయి గదా సార్. ఆ పండులోనించి ఏమన్నా వస్తాదా సార్?" అన్నాడు.

"ఏమీ రాదు. గడ్డి వేడికి మాగుతాయి. వస్తే వాసన వస్తుంది. కూర్చో" అన్నాను.

వాడు కూర్చున్నాడు. పద్యం ముందుకు సాగింది.

తిరుపతిలో విద్వాన్ చదివే రోజులలో మేము అన్నంభట్టు తర్కసంగ్రహం వల్లెవేసినవాళ్లమే. గంధం పృథివికి మాత్రమే ఉన్న గుణమని, గాలిలో పూలవాసన తోచినదంటే గాలిలో ఆ పువ్వు తాలూకు పార్థివ కణాలు కలిసి ఉన్నాయని అర్థం చేసుకోవాలని మా గురువుగారు చెప్పారు. పండు నుండి ఏదో బయటికి వస్తుందని పాత తార్కికుడే ఒప్పుకొన్నాడు. అది చదివిన నేను మాత్రం పిల్లవాడికి ఏమీ రాదని చెప్పాను. ఇది మొదటి తప్పు. రెండవది ఇంకా పెద్దది. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి అని ఒక ప్రమాణం చెబుతారు. నేలమీద కుండ లేదని మనకెలా తెలుస్తుంది? ఉంటే కనబడేది, కనబడలేదు, కాబట్టి లేదు. అయితే దీనికొక నిబంధన పెట్టారు. ఆ వస్తువు కనబడటానికి యోగ్యమైనదై ఉండాలి, చూడటానికి వెలుగు మొదలైనవన్నీ సమకూడి ఉండాలి. చీకటింట కుండ కనబడకపోతే కుండ లేదనడానికి వీలులేదు. పిశాచం కనబడలేదు కనుక స్తంభం మీద పిశాచం లేదని చెప్పడమూ కుదరదు, అది ఉన్నా కనబడదు గనుక. నేను ఆనాడు చేసింది చీకటింట నిలబడి కుండ లేదని చెప్పడమే.

ఇరవై ఏళ్ల తరువాత ఒక సంక్రాంతికి అతడు ఇంటికి వచ్చాడు. అప్పటికి ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. చేతిలో నకలు తీసిన ఇంగ్లీషు కాగితాలు నాలుగు. వాటిలో ఒక పట్టికలో పండ్ల పేర్లు, ఎదురుగా అంకెలు. మామిడి అన్నచోట వేలుపెట్టి, "మీరు రాదన్నది ఇదే సార్" అన్నాడు నవ్వుతూ. ఎగతాళి లేదు, సంతోషమే. అంకె 0.04 నుండి 3 వరకు. పదిలక్షల పాళ్ల గాలిలో అన్ని పాళ్లు. వాయువు పేరు ఎథిలీను.

ఆ అంకె అక్కడికి చేరిన దారి ఇది.

1903లో వార్సాలో మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆకుల పసరును సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో పోసి, పైనుండి ద్రావకం వంచాడు. పసరు దిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపుపచ్చ పట్టీలుగా విడిపోయింది. సుద్దను గట్టిగా పట్టుకొనేది వెనుకబడింది, పట్టుకోనిది ముందు దిగింది. దీనికాయన క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. మనవాళ్లు వర్ణలేఖనం అని అనువదించారు. మన భాషలో వర్ణమంటే రంగూ, అక్షరమూ కూడా గనుక ఈ అనువాదం మూలంకన్న అందంగా కుదిరింది. రష్యన్ భాషలో త్స్వెత్ అంటేనే రంగు అట. తన పేరునే శాస్త్రానికి పెట్టుకొన్నాడేమోనని నా అనుమానం.

ద్రవానికి బదులు వాయువును నడిపించవచ్చునని మార్టిన్, సింజ్ అనే ఇద్దరు ఆంగ్లేయులు 1941లోనే సూచించారు. పదేళ్లపాటు దానిని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి మార్టిన్ తానే జేమ్స్ అనే సహచరునితో కలిసి 1952లో చేసి చూపించాడు. సన్నని పొడవైన గొట్టం, లోపల ఆవిరికాని నూనెవంటి పదార్థం పూత, దానిగుండా నైట్రోజనువంటి ఒక వాయువు ప్రవాహం. మా ఊరి సంతవీధిలో ఒక కుటుంబం నడిచిపోతున్నట్లు ఊహించుకోండి. ఒకరు గాజుల అంగడి దగ్గర ఆగుతారు, ఒకరు మిఠాయి దగ్గర, ఇంటి యజమాని ఎక్కడా ఆగడు. వీధి మొదట గుంపుగా ప్రవేశించినవారు వీధి చివర ఒక్కొక్కరుగా తేలుతారు. గొట్టం చేసే పని అంతే.

మరి వీధి చివర నిలబడి లెక్క వ్రాసుకొనేవాడు ఎవడు? అతడే శోధకం, డిటెక్టరు. ఈ టపా అతని కథ. వీధి ఎంత బాగా విడదీసినా, చివర నిలబడినవాడికి చూపు మందమైతే వచ్చినవాడు రానివాడే.

మొదటి రోజులలో అతని చూపు మందమే. జేమ్స్, మార్టిన్‌లు గొట్టంనుండి వెలువడే ఆమ్లాలను బ్యూరెట్టుతో కొలుచుకొన్నారు. తరువాత వేడితీగ శోధకం వాడుకలోకి వచ్చింది. కాలిన తీగ మీదుగా వాయువు పోతుంటే తీగ కొంత చల్లబడుతుంది. వాయువులో మరొకటి కలిస్తే ఆ చల్లదనం మారుతుంది. ఆ మార్పును విద్యుత్తుతో కొలుస్తారు. ప్రతి వాయువునూ పసిగట్టే నిష్పక్షపాతి అది. కాని లక్షలో కొన్ని పాళ్లకు తగ్గితే దానికి తెలియదు.

ఎథిలీను సంగతి అంతకుముందే లోకానికి తెలుసు. వీధి దీపాల గ్యాసు తగిలిన బఠాణీ మొలకలు వంకరపోవడానికి కారణం అందులోని ఎథిలీనేనని రష్యాలో నెల్యుబోవ్ 1901లో తేల్చాడు. పండే ఆపిల్ తానే ఎథిలీనును విడుస్తుందని ఇంగ్లండులో గేన్ 1934లో నిరూపించాడు. శోధకాలు లేని ఆ రోజులలో అందుకు బోలెడు పండ్ల మీదుగా రోజుల తరబడి గాలి పోనిచ్చి, ఆ గాలిని బ్రోమిన్‌లో పట్టి, రసాయనికంగా గుర్తించవలసి వచ్చింది. ఆపిల్ ధారాళంగా విడిచేది కాబట్టి అంతమాత్రమైనా సాధ్యమయింది. మామిడి సంగతి వేరు. కాలిఫోర్నియాలో బియాలే బృందం 1954లో పండ్ల ఊపిరిని కొలిచి ప్రకటించిన ఫలితాలలో, కొన్ని పండ్లకు మాగడం మొదలయ్యే ముందు ఎథిలీను కనబడలేదు. మామిడి వాటిలో ఒకటి. కనబడలేదు కనుక లేదన్నారు. లేదు కనుక ఎథిలీను మాగడానికి కారణం కాదు, మాగడంవల్ల పుట్టే ఉపఫలం మాత్రమే అన్న వాదానికి బలం వచ్చింది. అంటే పుత్తూరులో నేను పిల్లవాడికి చెప్పినదే కాలిఫోర్నియాలో ఇంకా మంచి ఇంగ్లీషులో చెప్పారన్నమాట. తప్పు నా ఒక్కడిదే కాదని నాకు కొంత ఊరట.

అంతలో 1957, 58 సంవత్సరాలలో ఆస్ట్రేలియాలో మెక్‌విలియం, డ్యూవర్ జంట, దక్షిణాఫ్రికాలో హార్లే, నెల్, ప్రిటోరియస్ బృందం, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే ఉపాయం కనిపెట్టారు. హైడ్రోజను మంట దాదాపు విద్యుత్తును పోనివ్వదు. అందులో కర్బన సమ్మేళనం ఏ మాత్రం పడినా అది కాలుతూ విద్యుదావేశం గల అయానులను పుట్టిస్తుంది. మంటకు ఇరువైపులా వోల్టేజి పెడితే సన్నని విద్యుత్ప్రవాహం కదులుతుంది. దానిని పెంచి కాగితం మీద గీయిస్తే చాలు. నీటి ఆవిరి, నైట్రోజను, ఆక్సిజను, బొగ్గుపులుసు వాయువు దాని కంటికి ఆనవు. పండు ఊపిరి నిండా ఉండేవి ఇవే కాబట్టి, వీటిని చూడని గుడ్డితనమే ఇక్కడ గొప్ప వరమయింది. కోటిలో ఒక పాలు ఎథిలీను ఉన్నా ఈ జ్వాలాశోధకం గుర్తిస్తుంది.

ఫ్లోరిడాలో స్టాన్లీ బర్గ్, ఎలెన్ బర్గ్ దంపతులు ఈ పద్ధతిని మామిడి మీద ప్రయోగించారు. వాళ్లు పండు విడిచిన గాలిని కాక, పండు కండలో ఇరుక్కొన్న గాలినే పైకి లాగి కొలిచారు. ఎథిలీను ఉన్నది! కోత కోసిన పచ్చికాయలోనే ఉన్నది, మాగడం మొదలుకాక ముందే ఉన్నది, మాగేకొద్దీ పెరిగింది. 1962లో వాళ్లు ప్రకటించిన అంకెలే మా విద్యార్థి వేలు పెట్టి చూపినవి. ఆపిల్ లోపల 25 నుండి 2500 పాళ్ల వరకు ఉండే వాయువు మామిడిలో 0.04 నుండి 3 పాళ్లే. మామిడికి లేకపోవడం కాదు, మామిడికి ఆ కొంచెమే చాలు. ఇంకొక ముచ్చట. ఫ్లోరిడాలో మామిడి తోటలకు ఊపు తెచ్చిన రకం 1889లో భారతదేశం నుండి తెప్పించిన ముల్గోబా. మన మల్గోవ పేరునే వాళ్లు అలా పలికారు. మా అవ్వ గదిలో జరిగేదేమిటో చెప్పడానికి మన మల్గోవ సంతతి సముద్రాలు దాటి పోవలసివచ్చింది.

దీనికి మా ప్రాంతంలో ఒక చేదు కొసరు ఉన్నది. ఎథిలీనుకు పోలికగల ఎసిటిలీను కూడా కాయను మాగిస్తుంది, కాకపోతే వేల రెట్లు ఎక్కువ కావాలి. కాల్షియం కార్బైడు ముక్కకు తేమ తగిలితే ఎసిటిలీను వస్తుంది. ముక్క చవక, పని త్వరగా అవుతుంది. దానితోబాటు ఆర్సెనిక్, భాస్వరాల విషవాయువులు కూడా లేశంగా వస్తాయి. అది నిషిద్ధమని చట్టం ఎంతకాలంగా చెబుతున్నా మండీలలో ఆగకపోవడంతో, 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు దీనిని తనంతట తాను విచారణకు తీసుకొని వ్యాపారులనూ అధికారులనూ గట్టిగా మందలించింది. 2016లో ఆహార భద్రతా సంస్థ, గదిగాలిలో పదిలక్షలకు 100 పాళ్లు మించకుండా ఎథిలీను వాడుకోవచ్చునని అనుమతించింది. మా అవ్వ ఒక్క పండుతో చేసిన పనికి ఇప్పుడు మీటర్లు బిగించిన చల్లగదులు వచ్చాయి. పండు రుచి గురించి నేనేమీ అనను. వయసు మీదపడినవాడి నాలుకను సాక్ష్యానికి పిలవకూడదు.

ఇక్కడికి మామిడి కథ అయింది. శోధకం కథలో అంతకన్న ఆశ్చర్యకరమైన మలుపు లండన్‌లో వచ్చింది. మార్టిన్, జేమ్స్‌లు పనిచేసిన మిల్‌హిల్ వైద్య పరిశోధన సంస్థలోనే జేమ్స్ లవ్‌లాక్ అనే యువకుడు ఉండేవాడు. పరికరాలను స్వయంగా తయారుచేసికోవడం ఆయనకు ఆట. 1957లో ఆయన చేసిన శోధకానికి ఎలక్ట్రాన్ కాప్చర్ డిటెక్టరు అని పేరు. ఎలక్ట్రానులను పట్టేది అని అర్థం, కాని నిజానికి పట్టేది శోధకం కాదు, అందులోకి వచ్చే పదార్థం. ఒక చిన్న గదిలో రేడియోధార్మిక లోహపు రేకు ఉంటుంది. తరువాతి కాలంలో నికెల్-63 ఇందుకు స్థిరపడింది. దానినుండి వెలువడే కణాలు వాహక వాయువును ఢీకొని నెమ్మదిగా కదిలే ఎలక్ట్రానులను విడిపిస్తాయి. వాటివల్ల ఒక స్థిరమైన చిన్న ప్రవాహం ఎప్పుడూ పారుతుంటుంది. ఆ గదిలోకి క్లోరిన్, ఫ్లోరిన్ వంటివి గల అణువు వచ్చిందంటే అది ఎలక్ట్రానును గుటుక్కున మింగుతుంది. ప్రవాహం తగ్గుతుంది. ఆ తగ్గుదలే సంకేతం.

జ్వాలాశోధకంతో పోల్చి చూడండి. అక్కడ పదార్థం వచ్చినప్పుడు ప్రవాహం పుడుతుంది. ఇక్కడ పదార్థం వచ్చినప్పుడు ప్రవాహం తరుగుతుంది. అభావాన్ని చూసి భావాన్ని తెలుసుకొనే యంత్రం! మీమాంసకుడు చూసి ఉంటే ముచ్చటపడేవాడు.

దీని చూపు లక్ష కోట్లలో కొన్ని పాళ్లదాకా పోతుంది. కాని అందరినీ చూడదు, ఎలక్ట్రానును మింగే వారినే చూస్తుంది. డి.డి.టి. వంటి క్లోరిన్ మందులు అటువంటివే. రేచెల్ కార్సన్ గ్రంథం 1962లో పురుగుమందుల మీద లోకాన్ని మేల్కొలిపిన తరువాత, అవి పాలలో, కొవ్వులో, ఎవరూ మందు చల్లని దూరదేశాల జీవులలో కూడా చేరాయని ప్రయోగశాలలు అంకెలతో చూపగలిగింది ఎక్కువగా ఈ శోధకంతోనే.

1971లో లవ్‌లాక్ తాను కట్టుకొన్న పరికరాన్ని షాకిల్టన్ అనే పరిశోధన నౌకమీద ఎక్కించి, ఇంగ్లండు నుండి దక్షిణ ధ్రువ సముద్రాలవైపు సాగిన ప్రయాణంలో గాలిని కొలిచాడు. రిఫ్రిజిరేటర్లలోను, స్ప్రే డబ్బాలలోను వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు, అంటే సి.ఎఫ్.సి.లు, ఏ ఊరూ లేని నడిసముద్రం మీద కూడా ఉన్నాయి. ఎంత? సి.ఎఫ్.సి.-11 అన్నది లక్ష కోట్లలో సుమారు 50 పాళ్లు. లెక్క వేస్తే, అప్పటిదాకా లోకంలో తయారైనది దాదాపు అంతా నశించక గాలిలోనే నిలిచి ఉన్నట్లు తేలింది. 1973లో దీనిని ప్రకటిస్తూ ఆయన ఈ పదార్థాలవల్ల ఊహించదగిన ప్రమాదమేదీ లేదన్న భావం కూడా వ్రాశాడు. తరువాత ఆ మాటకు చింతించాడు.

ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు తలచుకొన్నాను. కాలిఫోర్నియావారు కనబడనిదానిని లేదన్నారు. ఈయన లోకంలో ఎవరికీ కనబడనిదానిని చూశాడు, చూసి ఏమీ కాదన్నాడు. అంత కొంచెం ఏం చేస్తుందిలే అన్న భావన ఎంత చూపుగలవాడినైనా వదలదు కాబోలు. అయితే ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆయన అంకె లేకపోతే తరువాతి కథే లేదు. ఆ అంకె గురించి విని, నశించని ఈ వాయువులు చివరికి ఏమవుతాయని షెర్వుడ్ రోలండ్ అడిగాడు. ఆయనా, మారియో మొలీనా కలిసి 1974లో సమాధానం చెప్పారు. అవి మెల్లగా పైకి, ఓజోను పొర ఉన్న స్ట్రాటోస్ఫియరులోకి చేరతాయి. అక్కడి అతినీలలోహిత కిరణాలకు విరిగి క్లోరిన్‌ను విడుస్తాయి. ఆ క్లోరిన్ ఓజోనును తింటుంది, తాను మాత్రం తరగదు. 1995లో వారిద్దరూ పాల్ క్రుట్‌జెన్‌తోబాటు నోబెల్ బహుమతి పొందారు.

అయితే ఇది వాదం. పైన నిజంగా అలా జరుగుతున్నదా? పైకిపోయి గాలి తెచ్చి చూడాలి. ఎక్కడి పైకి? భూమి మీది గాలి స్ట్రాటోస్ఫియరులోకి ప్రధానంగా ఎక్కేది ఉష్ణమండలం మీదుగానే. బెలూను కొలతలేమో చాలావరకు ఐరోపా, అమెరికాల మీద జరుగుతుండేవి. ఇంటికి తలుపు ఒకచోట ఉంటే కాపలా మరొకచోట ఉన్నట్లు. ఉష్ణమండలంలో అంత పెద్ద బెలూనులను ఎగరవేయగల కేంద్రం ఒకటి మన హైదరాబాదులో, ఇ.సి.ఐ.ఎల్. సమీపంలో ఉన్నది. విశ్వకిరణాలను అధ్యయనం చేయడానికి టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1969 నుండి నడుపుతున్న కేంద్రం అది.

1987 మార్చి 27న అక్కడినుండి ఒక బెలూను లేచింది. అహమదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాల, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ కలిసి చేసిన ప్రయోగం. శ్యామ్ లాల్, సుబ్బరాయ, ఫేబియన్, బోర్చర్స్ వంటివారు అందులో పాలుపంచుకొన్నారు. బెలూనుకు వ్రేలాడుతున్నవి ఉక్కు సీసాలు. వట్టి సీసాలు తెరిస్తే చాలదు. 30 కిలోమీటర్ల పైన గాలి ఎంత పలుచన అంటే, మనం పీల్చే గాలిలో సుమారు నూరవ వంతే ఉంటుంది. సీసా నిండినా అందులో ఉండేది దాదాపు శూన్యమే. అందుకని సీసాలను ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. దాని చలి సున్నాకు దిగువన 246 డిగ్రీలు. సీసా మూత తెరవగానే బయటి గాలి లోపలి గోడకు తగిలి మంచులా గడ్డకడుతుంది. గడ్డకట్టిన చోటికి మళ్లీ గాలి వస్తుంది, అదీ గడ్డకడుతుంది. అగస్త్యుడు సముద్రాన్ని ఆపోశనం పట్టినట్లు చిన్న సీసా ఎంతో ఆకాశాన్ని త్రాగుతుంది. నేలమీద ఉన్నవారు రేడియో ఆజ్ఞతో ఒక్కొక్క ఎత్తులో ఒక్కొక్క సీసాను తెరిచి మూస్తారు. పని అయిన తరువాత బెలూనునుండి తెగి, పారాచూటుతో పరికరం ఏ పల్లెలోనో, ఏ పొలంలోనో దిగుతుంది. వింతవస్తువు కనబడితే ముట్టుకోక పోలీసుస్టేషనుకు చెప్పండని పత్రికలలో ఆ సంస్థ ప్రకటనలు వేస్తుంది, మీలో కొందరు చూసే ఉంటారు.

సీసాలు ప్రయోగశాలకు చేరాక వెచ్చబడతాయి, గాలి మళ్లీ గాలి అవుతుంది. ఆ గాలిలో కొంచెం తీసి మన సంతవీధిలాంటి గొట్టంలోకి పంపుతారు. చివర లవ్‌లాక్ శోధకం. మీథేనుకైతే జ్వాలాశోధకం. ఇక్కడ నాకు అన్నిటికన్న నచ్చిన సంగతి ఒకటి ఉన్నది. ఆ సంవత్సరాలలో నేలమీద లక్ష కోట్లలో 200 పైచిలుకు పాళ్లున్న సి.ఎఫ్.సి.-11, ఎత్తుకు పోయేకొద్దీ తగ్గి తగ్గి, 30 కిలోమీటర్ల దగ్గర దాదాపు లేకుండా పోతుంది. ఇప్పుడు 'కనబడలేదు' అన్నమాటకు విలువ వచ్చింది. ఒకటి రెండు పాళ్లు ఉన్నా చూడగల కన్ను చూసి లేదంటున్నది గనుక అది నిజంగానే లేదు. లేదంటే అక్కడ విరిగిపోయింది. విరిగితే క్లోరిన్ విడుదలయింది. యోగ్యానుపలబ్ధి అంటే ఇది. మామిడి విషయంలో లేని యోగ్యత ఇక్కడ ఉన్నది. ఆ ప్రయోగం జరిగిన ఆరు నెలలకు, 1987 సెప్టెంబరు 16న, మాంట్రియల్‌లో సి.ఎఫ్.సి.ల ఉత్పత్తిని అదుపుచేసే ఒప్పందం మీద దేశాలు సంతకాలు పెట్టాయి. మనదేశం 1992లో చేరింది.

హైదరాబాదు నుండి మళ్లీ 1990లో, 1994లో ఇటువంటి బెలూనులు లేచాయి. 1994 నాటి గాలిలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడు అనే వాయువును కూడా కొలిచారు. విద్యుత్ సబ్‌స్టేషన్ల స్విచ్చులలో మెరుపు పుట్టకుండా నింపేది అదే. ఆనాడు గాలిలో లక్ష కోట్లకు మూడు నాలుగు పాళ్లు మాత్రమే. ఇప్పుడు 11 దాటింది. సి.ఎఫ్.సి.ల మాదిరిగా ఇది స్ట్రాటోస్ఫియరులో విరగదు, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నేలమీద మాత్రం ఏటేటా పెరుగుతుంది. కాబట్టి పై గాలిలో తక్కువ ఉన్నదంటే, ఆ గాలి నేలను విడిచి ఎన్నాళ్లయిందో లెక్కకట్టవచ్చు. అంత ఎత్తున దొరికిన గాలి ఆనాటిది కాదు, కొన్నేళ్ల కిందటిది. ప్రబీర్ పాత్ర, శ్యామ్ లాల్ తదితరులు 1997లో దీనిని ప్రకటించారు. హైదరాబాదు మీద తిరిగే గాలికి వయసు కట్టారన్నమాట. మన పంచాంగకర్తలకు కూడా ఈ ఆలోచన రాలేదు.

ఇదంతా చదువుతూ పోగా చివరికి మా ఇంటి దగ్గరికే వచ్చాను. తిరుపతి నుండి పాకాల పోయే దారిలో గాదంకి అనే చిన్న ఊరు ఉన్నది. 1024 ఏంటెనాల రాడారు పెట్టిన ఊరు అంటే మీకు గుర్తుకు రావచ్చు. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడే ఉన్నది. 1993 నుండి 1996 వరకు ఆ ఊళ్లో నేలమట్టపు గాలిలోని లేశవాయువులను కొలిచారు. ఓజోను, నైట్రోజను ఆక్సైడులు, కార్బన్ మోనాక్సైడు, మీథేను. పట్టణాల పొగ తగలని ఒక పల్లెటూరి గాలి ఎలా ఉంటుందో తెలుసుకోవాలని. మనీష్ నాజా, శ్యామ్ లాల్ 2002లో ఆ కొలతలను అమెరికా పత్రికలో ప్రచురించారు. వ్యాసం పేరులోనే గాదంకి ఉన్నది.

ఆ మూడేళ్లలో నేను పాకాల దారిలో ఎన్నిసార్లు బస్సులో పోయి ఉంటానో. చలికాలం ఉదయాలలో ఆ దారి పొడుగునా చెరుకు గానుగలు, బెల్లం పొయ్యిలు, వరికోతల తరువాతి మంటలు. కిటికీలోనుండి పొగ వచ్చి కళ్లు మండితే విసుక్కొని తలుపు మూసుకొనేవాడిని. ఆ పొగ గాలిలో కలిసి పోతుంది, ఇక లేదు అనుకొన్నానే గాని, దారి పక్కనే దానిని లెక్కపెడుతున్నవారు ఉన్నారని ఊహించలేదు. పోయినసారి మా విద్యార్థి వచ్చినప్పుడు ఈ మాట చెబితే, "మీరు మూసిన కిటికీ గాలే పోయి ఉంటాది సార్" అన్నాడు.

అతడు తెచ్చిన బేనీషాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. గడ్డి దొరకలేదు, పాత పేపర్లలో చుట్టిపెట్టాము. మా ఆవిడ మధ్యలో ఒక మాగిన పండు పెట్టింది.